చివరి అంకె దాకా

2023-24లో సింగరేణి తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. గోలేటి, రెబ్బెన, గోదావరిఖనిలో ఈ మాట వినని వాళ్లు తక్కువ. ఇందులో 7 అనే అంకెను నమ్మవచ్చు. దాని వెనకున్న సున్నాల సంగతి వేరు. కైరిగూడ ఓపెన్‌కాస్ట్‌లో వానకు తడిసిన బొగ్గు, ఎండకు ఆరిన బొగ్గు కాంటా మీద ఒకేలా తూగవు. యార్డులో కుప్ప ఎంతుందో చెప్పాలంటే సర్వేవాళ్లు కొలతలు తీసి, ఘనపరిమాణం మీద టన్నులు కడతారు. ఇందులో తప్పేమీ లేదు. కొలిచి చెప్పే ఏ సంఖ్య స్వభావమైనా ఇంతే. ముందున్న రెండు మూడు అంకెలు గట్టివి, ఒకట్ల స్థానం వైపు పోయేకొద్దీ పట్టు సడలిపోతుంది. రోజూ ఇలాంటి సంఖ్యలే వింటూ ఉండటం వల్ల, పెద్ద సంఖ్య అనగానే పక్కన ‘సుమారు’ అనే మాట ఉండి తీరాలని మనకు ఒక నమ్మకం ఏర్పడింది. ఇవాళ నేను చెప్పబోయేది దానికి ఎదురు వాదం. సింగరేణి టన్నుల కంటే ఎన్నో రెట్లు పెద్దది, మనిషన్నవాడు ఎన్నటికీ లెక్కపెట్టి ముగించలేనిది, అయినా ఒకట్ల స్థానం దాకా ఖాయమైనది ఒక సంఖ్య తెలుగు పద్యంలో ఉంది. ఆ పద్యాన్ని తప్పుగా రాసినా, తప్పుగా చదివినా ఆ సంఖ్యే మనల్ని పట్టిస్తుంది.

ఆ పద్యం పావులూరి మల్లన గణితంలోదిగా ప్రసిద్ధం. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని తెలుగులోకి తెచ్చినవాడు మల్లన. రాజరాజ నరేంద్రుడి కాలంవాడని కొందరు, ఆ తర్వాతి తరంవాడని కొందరు అంటారు. పద్యంలో ఉన్న లెక్క చదరంగం బల్ల మీది రెట్టింపు లెక్క. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గళ్లూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? జవాబు 18446744073709551615. నోటితో చెప్పాలంటే 1 లక్షా 84 వేల 467 కోట్ల కోట్లు, ఆపైన 44 లక్షల 7 వేల 370 కోట్లు, ఆపైన 95 లక్షల 51 వేల 615. మొత్తం ఇరవై అంకెలు. మహావీరాచార్యుడు అంకెల స్థానాలకు ఒకటి నుంచి మహాక్షోభ దాకా 24 పేర్లు చెప్పాడు. ఆ వరసలో ఇరవయ్యోది మహాశంఖం. మన సంఖ్య మొదటి అంకె అక్కడ కూర్చుంటుంది.

దీని సైజు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే అసలు విషయం సైజులో లేదు. వెయ్యి గింజలు 20 గ్రాములు తూగుతాయని అనుకుందాం. బల్లలో మొదటి సగం, అంటే 32 గళ్లు నిండేసరికి గింజల బరువు 86 టన్నులు. ఓపెన్‌కాస్ట్‌లో తిరిగే వంద టన్నుల డంపరు మోసే భారం కంటే తక్కువే. రెండో సగం కూడా నిండితే అది దాదాపు 36 వేల 900 కోట్ల టన్నులు. మన దేశం మొత్తం మీద భూమిలో ఉన్న బొగ్గు సుమారు 36 వేల కోట్ల టన్నులని 2022 నాటి అంచనా. ఏడాదికి 7 కోట్ల టన్నుల చొప్పున సింగరేణి ఆ బరువును తవ్వాలంటే 5 వేల 200 ఏళ్లకు పైగా పడుతుంది. సరే, ఆశ్చర్యపోయాం. కానీ ఈ లెక్కలో టన్నులన్నీ నేను గింజకు కట్టిన బరువు మీద ఆధారపడ్డాయి. సన్నబియ్యం అయితే టన్నులు తగ్గుతాయి, దొడ్డుబియ్యం అయితే పెరుగుతాయి, వేల కోట్లలో తేడా వస్తుంది. గింజల సంఖ్యలో మాత్రం ఒక్క గింజ కూడా అటూ ఇటూ కాదు. సెకనుకు ఒకటి చొప్పున లెక్కపెడితే 58 వేల కోట్ల ఏళ్లకు పైగా పడుతుంది. విశ్వం వయసే సుమారు 1,380 కోట్ల ఏళ్లు. మరి ఎవరూ లెక్కపెట్టనిది ఒకట్ల స్థానం దాకా ఎలా తెలిసింది?

లెక్కపెట్టలేదు గనకనే తెలిసింది. మూడు గళ్లలో గింజలు కూడితే 7, నాలుగో గడిలో 8. నాలుగు గళ్ల మొత్తం 15, అయిదో గడిలో 16. ఎక్కడ ఆగి చూసినా అప్పటిదాకా పోసిన మొత్తం, రాబోయే గడి కంటే సరిగ్గా ఒకటి తక్కువ. కారణం సులభం. మొదటి గడిలో ఇంకొక్క గింజ అదనంగా వేశామనుకోండి, అక్కడ రెండవుతాయి. వాటిని రెండో గడిలోని రెండుతో కలిపితే నాలుగు, ఆ నాలుగును మూడో గడిలోని నాలుగుతో కలిపితే ఎనిమిది. అలా ఒక్క గింజ బల్లంతా దొర్లుకుంటూ పోయి, లేని 65వ గడిలో తేలుతుంది. కాబట్టి 64 సంఖ్యలు కూడనక్కర్లేదు. 65వ గడిలో ఉండవలసినది తెలిస్తే అందులో ఒకటి తీసేయడమే. దానికీ 64 సార్లు రెట్టించే పని లేదు. రెండును రెండుతో హెచ్చిస్తే 4, నాలుగును నాలుగుతో హెచ్చిస్తే 16, ఆ తర్వాత 256, ఆ తర్వాత 65536, ఆ తర్వాత 4294967296. దీన్ని మళ్లీ దీనితోనే హెచ్చిస్తే పని పూర్తి. మొత్తం ఆరు గుణకారాలు. చివరిది కాస్త చెమట పట్టిస్తుంది గానీ, పలక మీద చేయగలిగినదే.

సగం చేయి, వర్గం చేయి అనే ఈ ఉపాయం మల్లన కంటే చాలా పాతది. పింగళుడి ఛందశ్శాస్త్రంలో ఉంది. గణితజ్ఞుడికి కావలసిన సూత్రం ఛందస్సు పుస్తకంలో ఎందుకుందంటే, లఘువు గురువుల లెక్క కూడా రెట్టింపు లెక్కే. ఒక్కో అక్షరం లఘువైనా కావచ్చు, గురువైనా కావచ్చు. కాబట్టి అక్షరం పెరిగినప్పుడల్లా వృత్తాల సంఖ్య రెట్టింపవుతుంది. ఇరవై ఒక్క అక్షరాల పాదాలకు 2097152 వృత్తాలు సాధ్యం. ప్రస్తారం వేస్తే వాటిలో 711600వది మన చంపకమాల. ఈ క్రమసంఖ్య రావాలంటే ప్రతి అక్షరానికీ చదరంగం గళ్లలాగే 1, 2, 4, 8 అని విలువలిచ్చి, లఘువులున్న చోటి విలువలు కూడి, ఒకటి కలపాలి. చదరంగం లెక్కను చెప్పిన మల్లన పద్యమూ చంపకమాలే. అరవై నాలుగు అక్షరాల పాదం ఒకటి ఊహించి, అన్నీ లఘువులే వేస్తే, వాటి విలువల మొత్తం మన ఇరవై అంకెల సంఖ్యే. గురువన్నది ఒక్కటీ లేని పాదం. ఇవాళ కంప్యూటర్లు పట్టేదీ ఈ దారే. 64 గదుల్లో అన్నిటా 1 పెడితే యంత్రం దాన్ని 18446744073709551615 అని చదువుతుంది. 64 బిట్ల యంత్రం రుణ సంఖ్యల బెడద లేకుండా ఒక్క గుక్కలో పట్టుకోగల పూర్ణసంఖ్యల్లో ఇదే పెద్దది. 2014లో గ్యాంగ్నమ్ స్టైల్ పాటను ఎన్నిసార్లు చూశారన్న లెక్క యూట్యూబ్‌లో 2147483647 అనే హద్దును దాటింది. ఆ హద్దు బల్ల మీద మొదటి 31 గళ్ల మొత్తం. కొత్తగా పెట్టుకున్న హద్దు మొదటి 63 గళ్ల మొత్తం.

ఇక పద్యం దగ్గరికి వద్దాం. నా వాదానికి అసలు సాక్ష్యం అక్కడుంది. మల్లన అంకెలను అంకెలుగా చెప్పలేదు, భూతసంఖ్యల్లో చెప్పాడు. చంద్రుడంటే 1, బాణమంటే 5, పర్వతమంటే 7, ఏనుగంటే 8, ఆకాశమంటే సున్న. అంకెలు ఒకట్ల స్థానం నుంచి మొదలై ఎడమకు నడుస్తాయి. ఇరవై అంకెలూ మొదటి రెండు పాదాల్లో పరుచుకుని, మూడో పాదం మొదట్లో ముగుస్తాయి. ఈ పద్ధతిలో వెసులుబాటు ఎంతో, ప్రమాదమూ అంతే. సంఖ్యలో 4 నాలుగుసార్లు వస్తుంది. కవి దాన్ని రెండుసార్లు సముద్రమన్నాడు, ఒకసారి వేదమన్నాడు, ఒకసారి బ్రహ్మ ముఖాలన్నాడు. వేదాలు నాలుగే, బ్రహ్మ ముఖాలు నాలుగే. కానీ సముద్రాలు? పురాణం విన్న తెలుగువాడు తడుముకోకుండా ఏడంటాడు. మొదటి పాదం చివర పర్వతాన్ని చెప్పే మాట విరిగి సగం రెండో పాదంలో పడింది. తెలియక ఆగి చదివితే ఆ రెండు ముక్కలకూ విడివిడిగా భూమి అనే అర్థం వస్తుంది. అంటే ఒక 7 పోయి రెండు 1లు తయారవుతాయి. రంధ్రమనే మాట మరీ చిక్కు. శరీరంలోని నవరంధ్రాలను బట్టి అది 9. ఆ సంగతి తెలియని ఈ కాలపు పాఠకుడికి రంధ్రమంటే చిల్లు, చిల్లంటే సున్న.

పద్యం కదా, ఛందస్సే కాపాడుతుంది కదా అని ఎవరైనా అనవచ్చు. ఛందస్సు కాపాడేది అక్షరాల బరువును. గిరి అన్నా రెండు లఘువులే, శశి అన్నా రెండు లఘువులే. ఒకటి 7, ఒకటి 1. లేఖకుడు ఒకదాని చోట ఇంకొకటి రాసినా గణాలు నిక్షేపంగా ఉంటాయి. యతి ప్రాసలు కొన్ని చోట్లను మాత్రమే కాస్తాయి. ఛందస్సు వదిలేసిన తప్పును సంఖ్య పట్టుకోగలదు, ఎలాగో చూడండి. రెండును ఆరుసార్లు వేసి హెచ్చిస్తే 64, దాన్ని 9తో భాగిస్తే 1 మిగులుతుంది. ఆ లెక్కన అరవై సార్లకూ 1 మిగులుతుంది. ఇంకా నాలుగుసార్లకు 16, అందులోంచి ఒకటి తీస్తే 15, అంటే శేషం 6. ఏ సంఖ్యనైనా 9తో భాగిస్తే వచ్చే శేషం, దాని అంకెలు కూడి భాగిస్తే వచ్చే శేషమే. మన ఇరవై అంకెలూ కూడితే 87. ఎనిమిదీ ఏడూ పదిహేను, ఒకటీ అయిదూ ఆరు. సరిపోయింది. ఒక సముద్రాన్ని ఏడుగా చదివితే మొత్తం 90, శేషం లేదు. రెండిటినీ ఏడుగా చదివితే 93, శేషం 3. గిరి చోట శశి రాస్తే 81, శేషం లేదు. పర్వతాన్ని విరిచి చదివితే 82, శేషం 1, పైగా అంకెలు ఇరవై ఒకటవుతాయి. ప్రతి తప్పూ దొరికింది.

ఒక్కటి తప్ప. రంధ్రాన్ని సున్నగా చదివితే మొత్తం 78, శేషం మళ్లీ 6. తొమ్మిది పరీక్షకు 9కీ సున్నకీ తేడా తెలియదు. అక్కడికి వాదం కుప్పకూలినట్టే కనిపిస్తుంది. అయితే 11 పరీక్ష ఒకటుంది. కుడి నుంచి బేసి స్థానాల అంకెలు ఒకవైపు, సరి స్థానాల అంకెలు ఇంకోవైపు కూడి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేయాలి. ఇక్కడ బేసి స్థానాల మొత్తం 62, సరి స్థానాల మొత్తం 25, తేడా 37, దాన్ని 11తో భాగిస్తే శేషం 4. రావలసినది ఎంత? రెండును పదిసార్లు వేసి హెచ్చిస్తే 1024, 11తో భాగిస్తే 1 మిగులుతుంది. అరవై సార్లకూ అంతే. మిగతా నాలుగుసార్లకు 16, ఒకటి తీస్తే 15, శేషం 4. ఖచ్చితంగా సరిపోయింది. రంధ్రాన్ని సున్న చేస్తే 62 కాస్తా 53 అవుతుంది, తేడా 28, శేషం 6. తప్పు దొరికింది. పక్కపక్కనున్న రెండు వేరు వేరు అంకెలు తారుమారైతే తొమ్మిది పరీక్ష కళ్లు మూసుకుంటుంది, పదకొండు పరీక్ష దాన్నీ పట్టుకుంటుంది. ఒకటి విడిచి ఒకటి ఉన్న అంకెలు తారుమారైతే రెండూ చూడలేవు. దానికి ఆరు గుణకారాలూ చేయడమే శరణ్యం. చేసినా మధ్యాహ్నం లోపు అయిపోయే పనే. బొగ్గు టన్నులకు ఇలాంటి పరీక్ష పెట్టే వీలు లేదు. వాటి అంకెల మధ్య ఒకదానికొకటి కట్టుబాటు లేదు. ఈ ఇరవై అంకెల్లో ఏ ఒక్కటీ తన ఇష్టం వచ్చినట్టు మారలేదు.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది, పద్యం నిజంగా మల్లనదేనని ఈ పరీక్షలు తేలుస్తాయా? తేల్చవు. సంఖ్య ఒప్పని చెబుతాయి, కవి ఎవరో, ఏ శతాబ్దమో చెప్పవు. అది తాళపత్రాలు చూసేవాళ్ల పని. రెండోది, ఇందులో తెలుగువాళ్ల ఘనత ఏముంది? సరిగ్గా ఇదే సంఖ్యను 1000 ప్రాంతంలో అల్ బిరూనీ అరబ్బీలో రాశాడు కదా? అవును, ఒక్క అంకె తేడా లేకుండా అదే రాశాడు. ఘనతను పంచుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా, బాగ్దాదు దాకా ఎవరు కట్టినా ఇదే వస్తుంది, ఇంకోటి రాకూడదు. ఎవరి సొంతమూ కాకపోవడం ఈ సంఖ్య లక్షణాల్లో ఒకటి. మల్లనకు నేనిచ్చే మెప్పు వేరే. ఇరవై అంకెలను వరస తప్పకుండా చంపకమాలలో పొదగడం ఆషామాషీ కాదు. ఒక చిన్న చమత్కారం కూడా వినండి. రెండ్లతోనే పుట్టిన ఈ సంఖ్యలో 2 అనే అంకె ఎక్కడా లేదు. ఇందులో గూఢార్థమేమీ వెతకనక్కర్లేదు. పదేసి చొప్పున రాసుకునే మన అలవాటు వల్ల అలా కుదిరింది.

అంకెల కంటే లోతైన కట్టుబాటు కారణాంకాల్లో ఉంది. ఈ సంఖ్యను 4294967295తో, 4294967297తో భాగించవచ్చు. మొదటిది బల్లలో మొదటి సగం గింజలు, రెండోది దానికి రెండు ఎక్కువ. మొదటి దాన్ని మళ్లీ అలాగే విడదీస్తూ పోతే 3, 5, 17, 257, 65537 అనే అయిదు ప్రధాన సంఖ్యలు మిగులుతాయి. ఫ్రాన్సు దేశపు ఫెర్మా 1640లో ఈ వరసను చూసి, ఇలా వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని అనుకున్నాడు. అయిదు సాక్ష్యాలు, అయిదూ అనుకూలం. వరసలో ఆరోది మన 4294967297. దాదాపు తొంభై ఏళ్లపాటు ఆ ఊహ అలాగే నిలిచింది. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపించాడు. 641ని 6700417తో హెచ్చిస్తే 4294967297. కాగితం ఉన్నవారు ఇప్పుడే గుణించి చూసుకోవచ్చు. దానికి ఆయిలర్ మీద భక్తి కూడా అవసరం లేదు. అలా మల్లన సంఖ్య ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధమని తేలింది: 3, 5, 17, 257, 641, 65537, 6700417. అంకెల మొత్తం 87ను మూడు భాగించడం, చివరి అంకె 5 కావడం ఈ వరసలోని మొదటి రెండింటి ఆనవాళ్లే.

ఫెర్మా ఉదంతం నా వాదానికి అడ్డు తగులుతుందని మీకు తోచవచ్చు. అంత కట్టుబాటున్న సంఖ్యల్లోనే అంత గొప్పవాడు పొరబడితే మనం దేన్ని నమ్మాలి అని. ఫెర్మా పొరబడింది సంఖ్యలో కాదు, అయిదింటిని చూసి ఆరోదాని మీద తీర్పు చెప్పడంలో. ఆ తీర్పును కొట్టేయడానికి ఒక్క భాగహారం చాలింది. వరసలో తర్వాతి సంఖ్యలు చకచకా పెద్దవైపోతాయి. 1796లో గౌస్ పదిహేడు భుజాల క్రమ బహుభుజిని స్కేలూ వృత్తలేఖినితో గీయవచ్చని నిరూపించాక, ఈ ప్రధాన సంఖ్యలకు రేఖాగణితంలోనూ గిరాకీ వచ్చింది. బేసి భుజాలతో అలా గీయగల బహుభుజుల్లో మనకు తెలిసినంతలో పెద్దదానికి 4294967295 భుజాలు, అంటే సరిగ్గా మల్లన బల్లలో మొదటి 32 గళ్ల గింజలన్ని. అంతకంటే పెద్దది కావాలంటే 65537 తర్వాత ఫెర్మా వరసలో ఇంకో ప్రధాన సంఖ్య దొరకాలి. కంప్యూటర్లతో ఇన్నేళ్లు వెతికినా ఒక్కటీ దొరకలేదు. ఎక్కడా లేదని నిరూపించిన వాళ్లు కూడా ఇంతవరకూ లేరు.